హార్మోన్లను తప్పుదారి పట్టించే రసాయనాలు: పరీక్ష ఎలా జరుగుతుంది?

పురుగుల మందు డబ్బా చూడనివాళ్లు మన హాస్టల్లో ఉండరు. ఆ డబ్బా మీద వజ్రం ఆకారంలో ఒక గుర్తు ఉంటుంది. దాని కింది సగం ఎర్రగా ఉంటే అతి తీవ్రమైన విషమని, పసుపైతే అంతకంటే కొంచెం తక్కువని, నీలం, ఆకుపచ్చ అయితే ఇంకా తక్కువని అర్థం. చదువు రాని రైతు కూడా రంగు చూసి జాగ్రత్త పడాలని చేసిన ఏర్పాటు ఇది. మంచి ఏర్పాటే. అయితే ఆ రంగును ఎలా నిర్ణయిస్తారు? ఎలుకలకు మందు తినిపిస్తారు. వాటిలో సగం చనిపోవడానికి ఒంటి బరువు కిలోకు ఎన్ని మిల్లీగ్రాములు పట్టిందో లెక్కిస్తారు. 50 మిల్లీగ్రాముల లోపే చస్తే ఎరుపు. 5000 మిల్లీగ్రాములు దాటాల్సి వస్తే ఆకుపచ్చ.

అంటే ఆ రంగు ఒక్క ప్రశ్నకే జవాబు చెబుతుంది: ఎంత మోతాదు ప్రాణం తీస్తుంది? ప్రాణం తీయకుండా, ఎదిగే శరీరాన్ని లోపల్నుంచి తప్పుదారి పట్టించే రసాయనాల సంగతి అందులో ఉండదు. అలాంటి రసాయనాలను కనిపెట్టడానికి ప్రపంచంలో వేరే పరీక్షలు ఉన్నాయి. పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం ఫ్యాక్టరీల మధ్య పెరుగుతున్న మనకు ఆ పరీక్షల గురించి తెలిసి ఉండాలని మా ఆలోచన. ఎమ్మెస్సీలో చేరాక చదివింది, అర్థమైనంత వరకు తమ్ముళ్లకు, చెల్లెళ్లకు వివరిస్తాము. పాత విద్యార్థులైన అన్నలు, అక్కల్లో చాలామంది ఆ ఫ్యాక్టరీల్లోనే పనిచేస్తున్నారు కనుక వారికీ ఇది పనికొస్తుంది.

ముందుగా హార్మోన్ల గురించి. వినాళ గ్రంథుల పాఠం పదో తరగతి వాళ్లకు గుర్తుండే ఉంటుంది. థైరాయిడ్, అండాశయాలు, వృషణాలు, అధివృక్క గ్రంథులు తయారుచేసే హార్మోన్లు రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతాయి. ఏ కణంలో వాటికి సరిపోయే గ్రాహకం ఉందో అక్కడే పనిచేస్తాయి. గ్రాహకం తాళం అనుకుంటే హార్మోను తాళంచెవి. పాఠంలో అంత గట్టిగా చెప్పని సంగతులు రెండున్నాయి. ఒకటి, హార్మోన్ల పరిమాణం చాలా తక్కువ. గ్రాములో నూరు కోట్లవ వంతుల లెక్కలో మాట్లాడుకోవాలి. రెండు, వాటికి వేళ ముఖ్యం. తల్లి కడుపులో ఉన్నప్పుడు ఫలానా వారాల్లో రావాల్సిన సందేశం రాకపోతే, ఆ తర్వాత ఎంత హార్మోను ఎక్కించినా జరగాల్సిన పని జరగదు. నారు పోయాల్సిన కార్తెలో పోయకుండా సంక్రాంతికి పోస్తే ఏమవుతుందో మన ఇళ్లలో అందరికీ తెలుసు.

ఇప్పుడు బయటి నుంచి ఒక రసాయనం దొంగ తాళంచెవిలా వచ్చి తాళం తెరిచిందనుకుందాం. లేదా తెరవకుండా తాళంలో ఇరుక్కుపోయి అసలు చెవిని రానివ్వలేదనుకుందాం. లేదా చెవులు తయారుచేసే చోటే పని చెడగొట్టిందనుకుందాం. మనిషికి జ్వరం రాదు, వాంతులు కావు. హాని ఏళ్ల తర్వాత, ఒక్కోసారి పిల్లల్లో బయటపడుతుంది. డైఇథైల్‌స్టిల్‌బెస్ట్రాల్ అనే మందు కథ ఇదే. దాన్ని 1938లో తయారుచేశారు. గర్భస్రావం కాకుండా ఉంటుందని అమెరికాలో లక్షలాది గర్భిణులకు ఇచ్చారు. తల్లులకు అప్పటికి ఏమీ కాలేదు. వారికి పుట్టిన ఆడపిల్లల్లో కొందరికి పదిహేను, ఇరవై ఏళ్ల వయసులో అరుదైన జననాంగ క్యాన్సర్ వచ్చింది. బోస్టన్ డాక్టర్లు 1971లో ఈ సంబంధాన్ని బయటపెట్టారు. డబ్బా మీద రంగు ఈ కథను ముందే చెప్పగలిగేదా?

మన దేశంలో ఎండోసల్ఫాన్ ఉంది. పత్తి చేలల్లో మన పెద్దవాళ్లు కూడా కొట్టిన మందే. కేరళలోని కాసరగోడ్ జీడితోటల మీద దాన్ని ఇరవై ఏళ్లకు పైగా హెలికాప్టర్లతో చల్లారు. అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ శాస్త్రవేత్తలు అక్కడి ఒక గ్రామంలో బడికి వెళ్లే 117 మంది మగపిల్లలను, మందు చల్లని ప్రాంతంలోని 90 మందితో పోల్చి చూశారు. మందు సోకిన పిల్లల్లో ఈడు రావడం ఆలస్యమవుతోందని, హార్మోన్లలో తేడా ఉందని 2003లో ప్రచురించారు. ఆ పరిశోధన మీద వాదోపవాదాలు జరిగాయి. చివరికి 2011లో సుప్రీంకోర్టు ఆ మందు తయారీని, అమ్మకాన్ని ఆపించింది. ఇక్కడ గమనించాల్సింది, పిల్లల మీద ప్రభావం పడ్డాక వెతకడం మొదలైంది. పరీక్షలు అసలు ఉండాల్సింది అందుకు ముందు.

ఇక అసలు విషయం. ఒక రసాయనం హార్మోన్లను దెబ్బతీస్తుందని అధికారికంగా తేల్చాలంటే ఏం కావాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో ఇచ్చిన నిర్వచనం మీదే చాలా దేశాలు నడుస్తున్నాయి. దాన్ని విడదీస్తే మూడు మెట్లు కనిపిస్తాయి. ఆ రసాయనం హార్మోన్ల పనిని మార్చాలి. ప్రాణంతో ఉన్న పూర్తి జీవిలో గాని, దాని సంతానంలో గాని హాని కనిపించాలి. ఆ హాని రావడానికి కారణం ఆ మార్పే అయి ఉండాలి. ఈ మూడో మెట్టు దగ్గరే వాదనలు ఏళ్ల తరబడి సాగుతాయి. గాజు గొట్టంలో గ్రాహకానికి అతుక్కున్నంత మాత్రాన నేరం రుజువైనట్టు కాదు. సోయా చిక్కుడులో ఉండే కొన్ని పదార్థాలు కూడా ఈస్ట్రోజెన్ గ్రాహకానికి అతుక్కుంటాయి మరి.

పరీక్షలు చిన్నవాటితో మొదలై పెద్దవాటి వైపు సాగుతాయి. మొదట కణాల మీద. రసాయనం ఈస్ట్రోజెన్ గ్రాహకానికి అతుక్కుంటుందా, పురుష హార్మోన్ల గ్రాహకానికి అతుక్కుంటుందా, హార్మోన్ల తయారీని పెంచుతుందా తగ్గిస్తుందా అని చూస్తారు. తర్వాత జంతువుల మీద. ఈడుకు రాని ఆడ ఎలుక పిల్లలకు వరుసగా మూడు రోజులు రసాయనం ఇచ్చి గర్భాశయాన్ని తూకం వేస్తారు. ఆ వయసులో ఒంట్లో సొంత ఈస్ట్రోజెన్ చాలా తక్కువ కనుక గర్భాశయం బరువు పెరిగితే రసాయనమే ఈస్ట్రోజెన్ వేషం వేసిందని అర్థం. వృషణాలు తీసేసిన మగ ఎలుకలకు పది రోజులు ఇచ్చి ప్రోస్టేట్ వంటి ఐదు కణజాలాల బరువు చూడటం ఇంకో పరీక్ష. వినడానికి క్రూరంగా ఉంటుంది, క్రూరమే. అందుకే ఎలుకలను తగ్గించి కణాలతో, కంప్యూటర్ లెక్కలతో పని జరుపుకోవాలని ఇప్పుడు ప్రయత్నిస్తున్నారు.

చేపల పరీక్ష మాకు బాగా నచ్చింది. గుడ్డులో సొన తయారవడానికి ఆడ చేప కాలేయంలో విటెల్లోజెనిన్ అనే ప్రోటీను పుడుతుంది. మగ చేపలోనూ దాని జన్యువు ఉంటుంది, కానీ ఈస్ట్రోజెన్ సందేశం చాలినంత ఉండదు కనుక నిద్రపోతూ ఉంటుంది. నీటిలో ఈస్ట్రోజెన్ లాంటి పదార్థం ఉంటే మగ చేప కూడా ఆ ప్రోటీనును తయారుచేయడం మొదలుపెడుతుంది. రక్తపు చుక్క తీస్తే తెలిసిపోతుంది. ఇంగ్లండ్ శాస్త్రవేత్తలు మురుగు శుద్ధి కేంద్రాల నీరు కలిసేచోట మగ చేపలను పంజరాల్లో ఉంచి ఈ సంగతి నిరూపించారు. కెనడాలో ఇంకో అడుగు ముందుకు వేశారు. 2001 నుంచి 2003 వరకు మూడేళ్లపాటు ఒక సరస్సులో గర్భనిరోధక మాత్రల్లోని ఈస్ట్రోజెన్‌ను లీటరుకు 5, 6 నానోగ్రాముల చొప్పున ఉండేలా కలిపారు. అందులోని చిన్న చేపల జాతి దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. 5 నానోగ్రాములంటే ఎంత? పదివేల లీటర్ల నీళ్ల ట్యాంకర్లు ఇరవై వేలు వరుసగా నిలబెట్టి, మొత్తం నీటిలో ఒక్క గ్రాము కలిపినంత. ఆ మోతాదుకు ఏ చేపా వెంటనే చచ్చి తేలదు. గుడ్లు పెట్టడం, పొదగడం చెడి, తరం తర్వాత తరం లేకుండా పోతుంది.

తోకకప్ప పరీక్ష దగ్గర కాసేపు ఆగుదాం, ఎందుకంటే అది మన ఊరి దాకా వస్తుంది. వానాకాలం గుంటల్లో తోకతో ఈదే కప్ప పిల్లలను చూశారు కదా. వాటికి కాళ్లు రావడం, తోక కరగడం అంతా థైరాయిడ్ హార్మోను నడిపే పని. 1912లో గుడర్‌నాచ్ అనే శాస్త్రవేత్త తోకకప్పలకు థైరాయిడ్ గ్రంథి ముక్కలు మేతగా వేస్తే అవి వేళకు ముందే బుల్లి కప్పలైపోయాయి. వంద ఏళ్ల నాటి ఆ గమనికే ఈనాటి అధికారిక పరీక్షకు పునాది. ఆఫ్రికా కప్ప జాతి తోకకప్పలను 21 రోజులు రసాయనం కలిపిన నీటిలో పెంచుతారు. వెనుక కాలు పొడవు కొలుస్తారు. ఏ దశకు వచ్చాయో చూస్తారు. థైరాయిడ్ గ్రంథిని పలుచని ముక్కలుగా కోసి సూక్ష్మదర్శినిలో చూస్తారు. మన పుట్టబోయే బిడ్డ మెదడు ఎదుగుదలకూ ఇదే హార్మోను కావాలి. కప్ప కాలు కొలవడం వెనుక ఉన్న ఆందోళన అదే.

ఇవన్నీ పూర్తయ్యాక, తీవ్రమైన అనుమానం ఉన్నవాటికి తల్లి ఎలుక నుంచి పిల్లల దాకా చూసే పెద్ద పరీక్ష ఉంటుంది. తర్వాత నిపుణులు అన్ని ఫలితాలనూ ముందు పెట్టుకుని, ఏది ఎంత బరువైన సాక్ష్యమో తూచి తీర్పు చెబుతారు. ఈ తూకం దగ్గర అమెరికా, ఐరోపా వేర్వేరు దారుల్లో వెళ్తాయి. తేలు సీసాలో మూత పెట్టి ఉన్నా తేలే కనుక ఇంట్లో వద్దనేది ఐరోపా పద్ధతి. పురుగుమందుల విషయంలో 2018 నుంచి ఈ నియమాలు అమలులో ఉన్నాయి. తేలు ఉంది సరే, మంచం దాకా వచ్చే అవకాశం ఎంత అని లెక్కకట్టడం అమెరికా పద్ధతి. మాకైతే మొదటిదే సరైనదనిపిస్తుంది. సీసా మూత బిగించే బాధ్యత ఎవరిదో తేలని చోట రెండో లెక్క కాగితం మీదే బాగుంటుంది.

ఎంత సమయం పడుతుందో కూడా చెప్పాలి. అమెరికా పార్లమెంటు 1996లోనే చట్టం చేసింది. మొదటి జాబితాలోని 67 రసాయనాలకు పరీక్షల ఆదేశాలు 2009లో బయలుదేరాయి. కొన్నిటిని కంపెనీలే మార్కెట్ నుంచి తప్పించాయి. మిగిలిన 52 రసాయనాల ఫలితాలు 2015లో వచ్చాయి. 20 రసాయనాల్లో ఏ ఆధారమూ కనబడలేదన్నారు. 14 రసాయనాల్లో హార్మోన్లతో సంబంధం కనిపించినా ప్రమాదం లేదని చెప్పడానికి చాలినంత సమాచారం ఉందన్నారు. 18 రసాయనాలు తర్వాతి మెట్టుకు వెళ్లాలన్నారు. ఆ పద్దెనిమిదింటికీ థైరాయిడ్ మార్గంతో సంబంధం కనిపించింది. చట్టం నుంచి ఈ లెక్క తేలడానికి 19 ఏళ్లు. ఆ తర్వాత కూడా పని నత్తనడకే నడిచిందని 2021లో అక్కడి ప్రభుత్వ తనిఖీ విభాగమే రాసింది.

మన దేశంలో పురుగుమందులకు 1968 నాటి చట్టం ఉంది. కంపెనీలు విషప్రభావాల సమాచారం ఇచ్చి రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. పాలసీసాల్లో బిస్‌ఫినాల్-ఎ వాడకూడదని 2015లో భారతీయ ప్రమాణాల సంస్థ నిబంధన పెట్టింది. అది హార్మోన్ల కోసం తీసుకున్న జాగ్రత్తే. కానీ అమెరికాలోలాగా హార్మోన్ల ప్రశ్న కోసమే చట్టం చేసి నడిపే పరీక్షల వరుస మనకు లేదు.

ఇప్పుడు మన ప్రాంతానికి వద్దాం. ఇప్పటి దాకా చెప్పిన పరీక్షలన్నీ పేరున్న రసాయనానికి. ఒక కంపెనీ దాన్ని అమ్ముకోవాలని దరఖాస్తు పెట్టుకుంటే అధికారులు పరీక్ష ఫలితాలు అడుగుతారు. వాగులో పారే వ్యర్థజలానికి పేరు లేదు, దరఖాస్తు లేదు, డబ్బా లేదు, డబ్బా మీద రంగూ లేదు. అందులో ఏముందో ముందుగా ఎవరూ చెప్పరు.

పటాన్‌చెరులో సుమారు 90 మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాన్ని తీసుకునే ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని 2006లో స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించారు. జోకిమ్ లార్సన్ బృందం ఆ వివరాలను 2007లో ప్రచురించింది. శుద్ధి చేశాక కూడా లీటరు నీటిలో 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. మందు మింగిన రోగి రక్తంలో కూడా అంత ఉండదు. రోజుకు పదిహేను లక్షల లీటర్ల నీటితో లెక్కేస్తే దాదాపు 45 కిలోలు. 500 మిల్లీగ్రాముల మాత్రలుగా చెప్పుకుంటే 90 వేల మాత్రలు, ఒక్క రోజులో! ఆ నీరు అప్పట్లో ఇసుకవాగు, నక్కవాగు మీదుగా మంజీర వైపు పారేది. 2009లో వచ్చిన మరో పరిశోధనలో ఈ ప్రాంతంలోని చెరువుల్లో, పల్లెల బావుల్లో కూడా మందుల ఆనవాళ్లు దొరికాయి. తర్వాత పైపులైను వేసి శుద్ధి చేసిన నీటిని హైదరాబాద్ అంబర్‌పేట మురుగు శుద్ధి కేంద్రానికి మళ్లించారు.

సిప్రోఫ్లాక్సాసిన్ హార్మోను కాదు. అది బ్యాక్టీరియాను చంపే మందు. ప్రపంచం పటాన్‌చెరు పేరును మందులకు లొంగని బ్యాక్టీరియా సందర్భంలో తలచుకోవడానికి కారణం అది. హార్మోన్ల ప్రశ్న ఆ హోరులో వెనకపడింది. అయినా 2009లోనే స్వీడన్ బృందం ఇదే శుద్ధి కేంద్రం నీటిలో తోకకప్పలను పెంచి చూసింది. వెయ్యి పాళ్ల నీటిలో ఈ వ్యర్థజలం 2 పాళ్లు కలిపితే చాలు, తోకకప్పల ఎదుగుదల 40 శాతం తగ్గింది.

ఇంకేం, హార్మోన్లు దెబ్బతిన్నాయని రుజువైనట్టే కదా అని మా తోటి విద్యార్థి ఒకరు అన్నారు. అక్కడే అధికారుల పద్ధతి మనకు పనికొస్తుంది. ఎదుగుదల తగ్గడానికి కారణాలు చాలా ఉంటాయి. విషం వల్ల తిండి మానేసినా బరువు తగ్గుతుంది. కాలేయం, మొప్పలు చెడినా తగ్గుతుంది. థైరాయిడ్ దారి తప్పిందనాలంటే కాళ్లు రావాల్సిన దశ ఆగిందా, గ్రంథి కణాలు ఉబ్బాయా అని విడిగా చూడాలి, అదీ విషప్రభావం కనబడనంత పలుచని మోతాదులో. 40 శాతం అనే ఒక్క అంకె ఆ నీరు జీవులకు హాని చేస్తుందని గట్టిగా చెబుతుంది. ఏ దారిలో చేస్తుందో చెప్పదు. "నిరూపణ కాలేదు" అనే మాటను "హాని లేదు" అని చదివేవాళ్లు ఉంటారు. ఆ రెండూ ఒకటి కావు. మూడు మెట్లలో రెండోదానిలో కొంత తెలిసింది, మొదటిది, మూడోది ఎక్కి చూడాల్సి ఉందని మాత్రమే దాని అర్థం.

మరి మన నిబంధనలు వ్యర్థజలాన్ని ఏం అడుగుతాయి? సీఓడీ, బీఓడీ, కరిగిన లవణాలు, ఆమ్లత వంటివి కొలుస్తారు. జీవుల మీద చేసే పరీక్ష కూడా ఒకటుంది. వ్యర్థజలంలో చేపలను వదిలితే 96 గంటల తర్వాత నూటికి 90 బతికి ఉండాలి. పురుగుమందు డబ్బా మీది రంగు అడిగే ప్రశ్నే ఇక్కడా అడుగుతున్నారు: చచ్చిందా, బతికిందా? నాలుగు రోజులు బతికిన ఆ చేప గుడ్లు పెట్టగలదా, మగ చేపలో విటెల్లోజెనిన్ పుట్టిందా అని అడిగే గడి ఆ ఫారంలో లేదు. కెనడా సరస్సులో చేపలు కూడా ఈ 96 గంటల పరీక్ష సులభంగా పాసయ్యేవే.

కొత్త గడి చేర్చడం అంత తేలిక కాదు. 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలంలో 121 యాంటీబయాటిక్‌లకు పరిమితులు పెడుతూ ముసాయిదా విడుదల చేసింది. 2021 ఆగస్టులో తుది నిబంధనలు వచ్చేసరికి ఆ పరిమితులు లేవు. అంత పేరుమోసిన సమస్యకే ఆ గతి పడితే, హార్మోన్ల సంగతి ఎవరూ అడగకపోతే ఎప్పటికి వస్తుంది? ఐరోపాలో మాత్రం 2015లోనే నదుల్లో కనిపెట్టి చూడాల్సిన పదార్థాల జాబితాలో మూడు ఈస్ట్రోజెన్లను చేర్చారు.

ఫ్యాక్టరీల్లో పనిచేసే అన్నలకు, అక్కలకు, మన తల్లిదండ్రులకు ఒక మాట. వాగు కంటే ముందు ఈ పదార్థాలు తగిలేది వారికే. 1976లో ప్యూర్టోరికోలోని ఒక గర్భనిరోధక మాత్రల ఫ్యాక్టరీలో మగ కార్మికులకు రొమ్ములు ఉబ్బాయి, ఆడ కార్మికులకు నెలసరి గతి తప్పింది. గాలిలోని మందు పొడే కారణమని తేలింది. కాంట్రాక్టు పనిలో పౌడర్ సెక్షన్‌లో ఉన్నవాళ్లు తాము నింపే డ్రమ్ము మీద ఏ పేరుందో రాసిపెట్టుకోవడం, డ్యూటీ బట్టలు ఇంటి బట్టలతో కలిపి ఉతకకపోవడం అందుకే అవసరం. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఆ పేరు చూపించాలి.

సైన్సు తీసుకున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు వాగు నీటి నమూనా పట్టదలిస్తే ప్లాస్టిక్ సీసా వద్దు. ప్లాస్టిక్ నుంచే హార్మోన్ల వేషం వేసే పదార్థాలు నీటిలోకి దిగవచ్చు, ఫలితం చెడుతుంది. ముదురు రంగు గాజు సీసాలో, వ్యర్థజలం కలిసే చోటుకు ఎగువన ఒకటి, దిగువన ఒకటి పట్టి, తేదీ, సమయం రాసి చల్లగా ఉంచాలి. నానోగ్రాములు కొలవడానికి మాస్ స్పెక్ట్రోమీటర్ కావాలి, అది మన కాలేజీల్లో ఉండదు. పరిశోధన సంస్థలను అడగడానికి మొహమాటపడవద్దు. మన కందిలోనే ఐఐటీ ఉంది.

నమూనా పట్టలేనివాళ్లు కాగితం పెట్టవచ్చు. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద తెలంగాణ రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి దరఖాస్తు రాయండి. ఫీజు పది రూపాయలు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి అదీ లేదు, కార్డు నకలు జతచేస్తే చాలు. 30 రోజుల్లో జవాబు రావాలి. అడగాల్సినవి ఇవి: గత మూడేళ్లలో నక్కవాగు నీటిని ఎన్నిసార్లు పరీక్షించారు, చేపల 96 గంటల పరీక్ష ఫలితాలు ఏమిటి, ఈస్ట్రోజెన్ వంటి హార్మోను పదార్థాల కోసం ఒక్కసారైనా చూశారా, చూస్తే ఆ నివేదిక నకలు. దరఖాస్తు నమూనా వార్డెన్ సారు దగ్గర ఉంచుతున్నాము.